ఎమర్జెన్సీ కొట్టాక ఏం ఆగుతుంది?

ఫ్యాక్టరీ గేటు పక్కన ఒక నోటీసు బోర్డు ఉంటుంది. షిఫ్టు వేళలు, సెలవులు, చట్టం సారాంశం దాని మీద అంటిస్తారు. ఆ కాగితాలు ఇంగ్లీషుతో పాటు, అక్కడి కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో కూడా ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్‌లో రాశారు. అందుకే మన దగ్గర గేటు బోర్డు మీద తెలుగు కనిపిస్తుంది. గేటు దాటి షెడ్డులోకి వెళ్తే, చెయ్యి నలిగే చోట, వేలు తెగే చోట ఒక్క తెలుగు అక్షరం ఉండదు. సర్వో ఆన్, హోమ్, జాగ్, రీసెట్, ఫాలోయింగ్ ఎర్రర్, సేఫ్ టార్క్ ఆఫ్ అంటూ టచ్ స్క్రీన్ నిండా ఇంగ్లీషే. దసరా సెలవు ఎప్పుడో తన భాషలో తెలుసుకునే హక్కున్న కార్మికుడికి, తన ముందున్న మిషన్ ఎప్పుడు కదులుతుందో, ఎప్పుడు కదలదో ఆ భాషలో చెప్పే నాథుడు లేడు.

సర్వో మోటార్లు, వాటిని నడిపే డ్రైవ్‌లు, అన్నిటికీ ఆజ్ఞలిచ్చే పీఎల్‌సీలు బిగించి, మిషన్‌ను నడిపించి ఫ్యాక్టరీకి అప్పజెప్పడం నా పని. దీన్ని కమిషనింగ్ అంటాం. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి ఇందులోకి వచ్చాను. జీడిమెట్ల, చర్లపల్లి, పాశమైలారం, విజయవాడ ఆటోనగర్, అచ్యుతాపురం, శ్రీసిటీ పారిశ్రామికవాడలన్నీ తిరిగాను. మందుల కంపెనీలో బ్లిస్టర్ ప్యాకింగ్ లైన్ దగ్గర్నుంచి దాణా బస్తాలు పేర్చే రోబో దాకా అన్నీ చూశాను. మిషన్ అప్పజెప్పే రోజు కాన్ఫరెన్స్ రూములో ట్రైనింగ్ ఉంటుంది. ప్రొడక్షన్ మేనేజరు, మెయింటెనెన్స్ ఇంజినీరు, క్వాలిటీ వాళ్లు కూర్చుంటారు. మర్నాటి నుంచి ఆ మిషన్ ముందు షిఫ్టంతా నిలబడాల్సిన ఆపరేటరును మాత్రం లైన్ ఆపడం కుదరదని పిలవరు. పిలిచినా వెనక గోడకు ఆనుకొని నిలబడతాడు. స్లైడ్లు ఇంగ్లీషులో నడిచిపోతాయి. చివర్లో అటెండెన్స్ కాగితం మీద అతని చేత కూడా సంతకం పెట్టిస్తారు. రేపు ఏదైనా జరిగితే "ట్రైనింగ్ ఇచ్చాం" అని చూపించడానికి ఆ సంతకం పనికొస్తుంది. అతనికి మాత్రం దేనికీ పనికిరాదు.

ఈ మాటలన్నిట్లో ప్రాణం మీదికి తెచ్చేది "ఎమర్జెన్సీ". పసుపుపచ్చ డబ్బా మీద పెద్ద ఎర్ర బటన్. కొత్తగా చేరిన హెల్పరుకు సీనియర్ చెప్పే మొదటి పాఠం అదే, చాలా చోట్ల ఆఖరి పాఠమూ అదే: "ఏదన్నా ఇరుక్కుంటే ఎమర్జెన్సీ కొట్టి చెయ్యి పెట్టు." ఇందులో సగం మంచి సలహా, సగం ప్రమాదం. ఎవరి చొక్కానో రోలర్‌లోకి పోతుంటే కొట్టడానికి పెట్టిన బటన్ అది. లోపల చెయ్యి పెట్టుకోవడానికి అది ఇచ్చే అనుమతి ఏమీ లేదు. ఇంకో సంగతి. ఆ బటన్‌ను దారిన పోయే ఎవరైనా తిప్పి వదిలేయొచ్చు. మిషన్ వెనక వంగి ఉన్న మనిషి ముందు నుంచి చూసేవాడికి కనపడడు. కరెంటును పూర్తిగా వేరుచేసే మెయిన్ ఐసొలేటర్‌ను ఆపి, దానికి సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నవాడి ప్రాణం ఒక్కటే అతని చేతుల్లో ఉన్నట్టు. ఆ తాళం కోసం డ్రైవ్ ప్యానళ్ల హ్యాండిల్ మీద రంధ్రాలు ఉంటాయి. నేను చూసిన చాలా ప్యానళ్లలో ఆ రంధ్రాలకు అంటుకున్న పెయింటు కూడా చెదరలేదు.

మిషన్ల విద్యుత్ భద్రతకు దేశదేశాల్లో పాటించే ఐఈసీ 60204-1 అనే ప్రమాణం ఉంది. మిషన్‌ను ఆపడంలో మూడు రకాలున్నాయని అది చెబుతుంది. వాటికి సున్నా, ఒకటి, రెండు అని నంబర్లు. సున్నా రకంలో మోటారుకు శక్తి వెంటనే తెగిపోతుంది. స్విచ్ తీసేశాక సీలింగ్ ఫ్యాన్ తిరిగినట్టు, ఆ మోటారు తన ఊపు మీద కాసేపు తిరిగి ఆగుతుంది. ఒకటో రకంలో డ్రైవే మోటారును వేగం తగ్గించి నిలబెడుతుంది, నిలబడ్డాక శక్తి తీసేస్తుంది. రెండో రకంలో నిలబెడుతుంది కానీ శక్తి తియ్యదు. మోటారు ఉన్నచోటే బిగబట్టుకొని, తర్వాతి ఆజ్ఞ కోసం ఎదురుచూస్తుంటుంది. ఎమర్జెన్సీ బటన్‌కు సున్నా గానీ ఒకటి గానీ ఉండాలని ఐఎస్ఓ 13850 చెబుతుంది. మరి స్క్రీన్ మీదుండే మామూలు స్టాప్? సైకిల్ స్టాప్? అవి చాలా మిషన్లలో రెండో రకమే.

మూడు రకాల్లోనూ మిషన్ చూడ్డానికి ఒకేలా ఉంటుంది, కదలకుండా. తేడా అంతా లోపలే. డబ్బా వస్తే పట్టుకోవడానికి సిద్ధంగా, కదలకుండా నిలబడ్డ ఒక ప్యాకింగ్ మిషన్‌ను ఊహించుకోండి. ఫొటో సెన్సర్ ముందు డబ్బా లేదు, అందుకే అది ఆగి ఉంది. ఇరుక్కున్న మూత తీద్దామని ఆపరేటరు చెయ్యి లోపల పెడతాడు. చెయ్యి సెన్సర్‌కు అడ్డొస్తుంది. మిషన్‌కు చెయ్యికీ డబ్బాకూ తేడా తెలీదు. వచ్చింది కదా అని సైకిల్ మొదలుపెడుతుంది. ఆ మనిషి దృష్టిలో మిషన్ ఆగి ఉంది, ప్రోగ్రామ్ రాసినవాడి దృష్టిలో నడుస్తూనే ఉంది. తలుపుకు ఇంటర్‌లాక్ స్విచ్ ఉంటే ఇది జరగదు. ఆ స్విచ్ తాళపు నాలుకను ఊడదీసి, లోపల గుచ్చి, తలుపు మూసినట్టు మిషన్‌ను నమ్మించే పద్ధతి ఎన్ని షెడ్లలో ఉందో మెయింటెనెన్స్ చేసేవాళ్లందరికీ తెలుసు. దానికో పేరు కూడా ఉంది: "బైపాస్". ఈ మాట మాత్రం ఎవరూ తర్జుమా చెయ్యకుండానే అందరికీ వచ్చేసింది.

ఇప్పుడు సరైన ఎర్ర బటనే కొట్టారనుకుందాం. అప్పుడైనా అన్నీ ఆగాయా? డ్రైవ్ లోపల కెపాసిటర్లు ఉంటాయి. మన 415 వోల్టుల త్రీ ఫేజ్ కరెంటును డ్రైవ్ డీసీగా మార్చి వాటిలో నింపుకుంటుంది, సుమారు 580 వోల్టులు. ఎమర్జెన్సీ కొడితే చాలా మిషన్లలో డ్రైవ్‌కు వచ్చే కరెంటు ఆగదు. మెయిన్ ఆపినా ఆ ఛార్జి దిగడానికి నిమిషాలు పడుతుంది. ఎన్ని నిమిషాలు ఆగాలో డ్రైవ్ మూత మీదే రాసి ఉంటుంది, చిన్న అక్షరాల్లో, మనది కాని భాషల్లో. సిలిండర్లలో గాలి ఉంటుంది. కరెంటు పోయినా ఆరు బార్ల గాలి ఎక్కడికీ పోదు, ఇరుక్కున్న అట్టపెట్టె తియ్యగానే పిస్టన్ తన్నుకొస్తుంది. ప్యాకెట్లను వేడితో అతికించే సీలింగ్ జాల వేడి ఉంటుంది. అన్నిటికంటే ముందు భూమ్యాకర్షణ ఉంటుంది. దానికి ఏ బటనూ లేదు.

ఒక ప్యాకింగ్ యూనిట్‌లో జరిగింది చెబుతాను. సీసాలను పైనుంచి అట్టపెట్టెల్లోకి దించే మిషన్. నిలువుగా దిగే భాగాన్ని జెడ్ యాక్సిస్ అంటాం. ఆ తలకు గ్రిప్పర్లు, ప్లేటు కలిపి మంచి బరువుంది. మోటారులోనే ఒక బ్రేకు ఉంటుంది. దానికి కరెంటిస్తే వదులుతుంది, కరెంటు పోతే స్ప్రింగుతో పట్టుకుంటుంది. వినడానికి భద్రంగానే ఉంది. అయితే దాన్ని హోల్డింగ్ బ్రేక్ అంటారు. ఆగిన బరువును పట్టి ఉంచడానికి చేసింది, పరుగెడుతున్న బరువును ఆపడానికి చేసింది కాదు. ఆ లైనులో అట్టపెట్టెలు నాసిరకం. మడతలు సరిగ్గా నిలబడక మాటిమాటికీ ఇరుక్కునేవి. ఇరుక్కున్నప్పుడల్లా ఆపరేటరు ఎమర్జెన్సీ కొట్టి, చేత్తో సర్ది, మళ్లీ నడిపేవాడు. లైన్ ఆగకూడదు కదా. తల దిగుతుండగా కొట్టిన ప్రతిసారీ ఆ బ్రేకే పరుగును ఆపింది. అరుగుతూ వచ్చింది. పైగా డ్రైవ్ మోటారును వదిలేసిన క్షణానికీ బ్రేకు బిగుసుకున్న క్షణానికీ మధ్య కొన్ని పదుల మిల్లీసెకన్ల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో తల రవ్వంత జారేది. "కొంచెం దిగుతోంది సార్" అని ఆపరేటర్లు చెబుతూనే ఉన్నారట. లాగ్ బుక్కులో ఎవరూ రాయలేదు.

ఒక రాత్రి షిఫ్టులో బ్రేకు పట్టు వదిలింది. తల కిందికి వచ్చింది. వేగంగా కూడా రాలేదు, బరువుతో వచ్చింది. కింద చెయ్యి పెట్టి ఉన్న ఆపరేటరు కుర్రాడి రెండు వేళ్లు నలిగిపోయాయి. తర్వాత మిషన్ చూడ్డానికి నన్ను పిలిచారు. అతను అన్న మాట ఒక్కటే: "ఎమర్జెన్సీ కొట్టే పెట్టాను సార్." నిజం. తనకు చెప్పింది చెప్పినట్టు చేశాడు. రిపోర్టులో మాత్రం ఆపరేటరు నిర్లక్ష్యం అని రాశారు. జెడ్ యాక్సిస్ కింద చెయ్యి పెట్టే ముందు ఇనుప పిన్ను గుచ్చాలని ఆ మిషన్ మాన్యువల్‌లో ఒక పేజీ ఉంది. పిన్ను కూడా మిషన్‌తోనే వచ్చింది. మాన్యువల్ మేనేజరు గది బీరువాలో ప్లాస్టిక్ కవరు విప్పకుండా ఉంది. పిన్ను స్టోర్స్‌లో ఉంది, దేనికో తెలీక స్పేర్ పార్టుల్లో పడేశారు. ఆ పేజీలోని విషయం నాలుగు తెలుగు వాక్యాల్లో మిషన్ తలుపు మీద ఉండి ఉంటే, పిన్ను గొలుసుతో అక్కడే వేలాడుతుంటే, ఆ వేళ్లు ఉండేవని నా నమ్మకం. నిర్లక్ష్యం ఎవరిదో చదివేవాళ్లే తేల్చుకోవచ్చు.

ఆ సంఘటన తర్వాతే, మిషన్ గురించి ఆపరేటరుకు తన భాషలో చెప్పాలని నేను పట్టుబట్టడం మొదలుపెట్టాను. అపార్థమయ్యే మాట ఎమర్జెన్సీ ఒక్కటే కాదు. కొత్త డ్రైవ్‌లు చాలావాటి మీద ఎస్‌టీఓ అని ఉంటుంది, సేఫ్ టార్క్ ఆఫ్. ఐఈసీ 61800-5-2 అనే ప్రమాణంలో దీని నిర్వచనం ఉంది. డ్రైవ్ మోటారుకు తిప్పే బలాన్ని ఇవ్వదు, అంతే దాని హామీ. మోటారు తీగల్లో కరెంటు లేదని అది చెప్పదు. నిలువు బరువు జారదని అసలే చెప్పదు. స్క్రీన్ మీద పచ్చ రంగులో "సేఫ్" అన్న అక్షరాలు వెలగగానే, ఆ ఒక్క ముక్క ఇంగ్లీషు వచ్చిన కుర్రాడు ఏమనుకుంటాడు? భద్రం అనుకుంటాడు. దేని నుంచి భద్రమో, ఎంతవరకు భద్రమో చెప్పే వాక్యం అతని చేతికి అందదు. మోటారు మార్చడానికి వైర్లు విప్పే ఎలక్ట్రీషియన్ కూడా దీన్ని చూసి మెయిన్ ఆపకుండా పని మొదలుపెట్టిన చోట్లు ఉన్నాయి.

రీసెట్, హోమ్ అనే రెండు మాటల జంట కూడా అంతే. తిరుగుడు లెక్కపెట్టే ఇంక్రిమెంటల్ ఎన్‌కోడర్ ఉన్న మోటారు కరెంటు పోతే తానెక్కడున్నదీ మరిచిపోతుంది. "జీరో పోయింది" అంటారు మన ఆపరేటర్లు, చక్కటి మాట. కరెంటు వచ్చాక అది నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లి హోమ్ స్విచ్‌ను తాకి, అక్కణ్నుంచి లెక్క మొదలుపెట్టాలి. ఎమర్జెన్సీ వదిలినా, రీసెట్ నొక్కినా మిషన్ దానంతటది కదలకూడదు, కదలడానికి అనుమతి మాత్రమే రావాలి, స్టార్ట్ వేరుగా నొక్కాలి. ప్రమాణాలు ఈ మాట స్పష్టంగా చెబుతాయి. చౌకగా తయారైన మిషన్లలో రీసెట్ నొక్కగానే హోమ్‌కు బయలుదేరే ప్రోగ్రాములు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. అలారం బజర్ మోత ఆపుదామని రీసెట్ నొక్కుతాడు ఒకడు. అవతల వంగి పనిచేస్తున్నవాడి మీదికి క్యారేజీ నడుస్తుంది. అలాంటి ప్రోగ్రాము నా చేతికొస్తే మార్చే అప్పజెబుతాను, అడిగినా అడక్కపోయినా.

రోబోకు కదలికలు నేర్పే చేతి పరికరం, అంటే టీచ్ పెండెంట్, వెనకుండే మూడు స్థానాల స్విచ్ గురించి రెండు ముక్కలు. మెత్తగా పట్టుకుంటే రోబో కదులుతుంది, వదిలేస్తే ఆగుతుంది, బిగించి నొక్కినా ఆగుతుంది. భయపడ్డ మనిషి చెయ్యి ఒకోసారి వదిలేస్తుంది, ఒకోసారి బిగుసుకుపోతుంది. రెంటికీ ఆగాలని అలా చేశారు. మాన్యువల్ మోడ్‌లో నడిపేటప్పుడు వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటకూడదన్న నియమం కూడా అందుకే, మనిషి పక్కకు జరగగలిగే వేగం అది. ఈ రెండు కారణాలూ తెలిసినవాడు ఆ స్విచ్‌కు టేపు చుట్టడు. చుట్టినవాళ్లను నేను అడిగాను. చెయ్యి నొప్పెడుతుంటే చుట్టామన్నారు. కారణం చెప్పాక విప్పేశారు. తిట్టాల్సిన పని రాలేదు.

భద్రత సంగతి పక్కనపెట్టి డబ్బు సంగతే మాట్లాడుకుందామన్నా ఇదే లెక్క. ఫాలోయింగ్ ఎర్రర్ అని ఒక అలారం ఉంది. కంట్రోలర్ మోటారును ఫలానా చోటికి రమ్మంది, మోటారు అంతకంటే వెనకబడింది, ఆ తేడా హద్దు దాటింది అని దానర్థం. మోటారు ఊరికే వెనకబడదు. బాల్ స్క్రూకు గ్రీజు ఎండి ఉండాలి, గైడులో రజను చేరి ఉండాలి, ఏదో అడ్డం పడి ఉండాలి, బ్రేకు పూర్తిగా వదలక ఈడుస్తుండాలి. మిషన్ తన నొప్పి చెబుతోంది. అర్థం తెలియని ఆపరేటరు రీసెట్ నొక్కుతాడు. గంటకోసారి వచ్చే అలారం అరగంటకోసారి వస్తుంది. అప్పుడు మెయింటెనెన్స్‌వాళ్లు వచ్చి పారామీటర్లోకి వెళ్లి ఆ హద్దును పెంచేస్తారు. అలారం పోతుంది, రోగం ఉంటుంది. చివరికి బేరింగు విరిగి లైను ఆగిన రోజున నాకు ఫోన్ వస్తుంది. "మోటారు వెనకబడుతోంది. స్క్రూ దగ్గర చేత్తో తిప్పి చూడండి, బిగుతుగా ఉంటే గ్రీజు పెట్టించండి" అని స్క్రీన్ మీద తెలుగులో వస్తే, మొదటి రోజే హెల్పరు పట్టుకుంటాడు. నా చేత రాయించుకున్న రెండు యూనిట్లలో ఇలాగే పట్టుకున్నారు.

ఆటోమేషన్ కష్టమైన విద్య, ఇంగ్లీషు రానివాడికి అందదు అనేవాళ్లకు ఈ రంగం చరిత్రే జవాబు. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్‌వారి హైడ్రమాటిక్ విభాగం, గోడల నిండా ఉన్న రిలే ప్యానళ్లకు బదులు ఏదైనా ఎలక్ట్రానిక్ సాధనం కావాలని అడిగింది. మాసచూసెట్స్‌లోని బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్‌లో డిక్ మోర్లీ బృందం తయారుచేసిన మోడికాన్ 084 అలా వచ్చింది. ఆ కంపెనీకి అది 84వ ప్రాజెక్టు, ఆ నంబరే పేరైంది. పీఎల్‌సీల్లో తొలితరం అది. దానికి కంప్యూటర్ మనుషుల భాష పెట్టలేదు. ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్లు అప్పటికే చదవగలిగిన రిలే డ్రాయింగులాగే, రెండు నిలువు గీతల మధ్య అడ్డగీతలతో ప్రోగ్రాము కనిపించేటట్టు చేశారు. దాన్నే లాడర్ అంటున్నాం. ఇన్నేళ్లు గడిచినా, 1993లో వచ్చిన పీఎల్‌సీ భాషల ప్రమాణం ఐఈసీ 61131-3లోనూ లాడర్ ఉంది, ఈ రోజు జీడిమెట్లలో నేను రాసేదీ అదే. రాత్రిపూట లైను ఆగితే బాగుచేసేవాడు చదవగలగాలన్న పట్టుదల ఒక్కటే దాని వెనక ఉంది. పీఎల్‌సీ అంత విస్తరించడానికి పెద్ద కారణం ఆ పట్టుదలేనని నేను గట్టిగా నమ్ముతాను.

మన దగ్గర ఆ 1968లోనే బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ వచ్చింది, తెలుగు అకాడమీ కూడా ఆ ఏడాదే పుట్టింది. ఒకటి పనిమంతులను తయారుచేసింది, ఒకటి పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదకోశాలు తయారుచేసింది. రెండూ గొప్ప పనులే. రెంటికీ మధ్య, షాప్‌ఫ్లోర్ మీద నిలబడ్డ మనిషికి అతని మిషన్ గురించి అతని భాషలో చెప్పే కాగితం మాత్రం ఎవరి బాధ్యతా కాకుండా పోయింది.

ఐరోపాలో ఇది బాధ్యతే. 2006 నాటి వాళ్ల మెషినరీ డైరెక్టివ్ ప్రకారం, మిషన్‌ను ఏ దేశంలో అమ్మితే ఆ దేశపు అధికార భాషలో మాన్యువల్ ఇవ్వాలి. ఇటలీలో చేసిన ప్యాకింగ్ మిషన్ ఫిన్లాండ్‌కు వెళ్తే ఫిన్నిష్‌లో పుస్తకం వెళ్తుంది. అక్కడి జనాభా సుమారు 56 లక్షలు. అదే మిషన్ పాశమైలారం వస్తే ఇంగ్లీషు పుస్తకం వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. తయారీదారుడికి చేతకాక కాదు, మనం అడగక.

యజమానులు నాకు చెప్పే అభ్యంతరాలు తెలుసు. మా దగ్గర సగంమంది ఒడిశా, బిహార్, జార్ఖండ్ కుర్రాళ్లు, తెలుగు పెట్టి ఏం లాభం అంటారు. నిజమే, వాళ్లకు ఒడియా, హిందీ పెట్టాలి. ఇప్పటి టచ్ స్క్రీన్లలో భాష మార్చే బటన్ ఉంటుంది, ఒకే తెర మీద మూడు భాషలు పెట్టొచ్చు. కొన్ని పాత ప్యానళ్లలో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. అక్కడ నేను వాక్యాన్ని బొమ్మగా చేసి పెడతాను, పని జరిగిపోతుంది. తప్పు తర్జుమా ఇంగ్లీషు కంటే ప్రమాదం అంటారు కొందరు ఇంజినీర్లు. ఒప్పుకుంటాను. అందుకే ఆ వాక్యాలు మిషన్ చేసినవాళ్లు, దాన్ని నడిపేవాళ్లు కలిసి కూర్చొని రాయాలి, కంప్యూటర్‌కు అప్పజెప్పి చేతులు దులుపుకోకూడదు. ఇక అచ్చతెలుగు మాటలు పుట్టించాలా అంటే, నాకు ఆ పట్టుదల లేదు. సర్వో సర్వోగానే ఉండనివ్వండి. ఎమర్జెన్సీ అన్న మాట పసివాడికీ తెలుసు. దాని చుట్టూ ఉండే వాక్యం తెలుగులో ఉంటే చాలు.

నేను అప్పజెప్పే మిషన్ తలుపు మీద ఇప్పుడు ఒక కాగితం అంటించే వస్తున్నాను. ఒకదాని మీద ఉన్నది ఇది: "ఎర్ర బటన్ నొక్కితే కన్వేయరు, అడ్డంగా నడిచే మోటార్లు ఆగుతాయి. పైనుంచి దిగే తల బ్రేకు మీద మాత్రమే నిలబడి ఉంటుంది. దాని కింద చెయ్యి పెట్టాలంటే ముందు ఈ పిన్ను గుచ్చాలి. గ్రిప్పర్లలో గాలి అలాగే ఉంటుంది. గాలి ఫిల్టరు (ఎఫ్‌ఆర్‌ఎల్) పక్కనున్న వాల్వు మూసి గాలి వదిలాకే ముట్టుకోవాలి. సీలింగ్ జా వేడిగానే ఉంటుంది. ప్యానల్ తెరవాలంటే మెయిన్ ఆపి, మీ తాళం వేసి, పదిహేను నిమిషాలు ఆగి, మీటరు పెట్టి చూడాలి. తల జారుతున్నట్టు అనిపిస్తే మిషన్ నడపొద్దు, వెంటనే చెప్పండి." వేడి జా గురించిన వాక్యం ఆపరేటరు చెప్పి రాయించిందే. లామినేషన్ చేయించి, పిన్ను గొలుసుతో సహా, ఖర్చు వెయ్యి రూపాయలు కాలేదు. ఆ మిషన్ ధర లక్షల్లో.

తెలంగాణలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,324 కోట్ల రూపాయల పథకం. రోబోలు, సీఎన్‌సీలు వచ్చాయి, చాలా మంచిది, నాలాంటివాళ్లం ఎదురుచూసిన రోజు అది. ఆ సెంటర్లలో మొదటి వారం పాఠం ప్రోగ్రామింగ్ కాకూడదని నా మనవి. ఆగిన మిషన్‌లో ఇంకా ఏమేం బతికి ఉంటాయో తెలుగులో చెప్పి, పిల్లల చేత ఐసొలేటర్‌కు తాళం వేయించి, బరువును పిన్ను మీద నిలబెట్టించి, మీటరుతో కొలిపించాలి. ఆంధ్రప్రదేశ్ ఐటీఐలకూ ఇదే మనవి. రెండు రాష్ట్రాల ఫ్యాక్టరీల శాఖలు తనిఖీకి వెళ్లినప్పుడు గేటు బోర్డు దగ్గరే ఆగిపోకుండా మిషన్ తలుపు కూడా చూడాలి. 108వ సెక్షన్‌లో చూపిన న్యాయబుద్ధి మిషన్ దాకా వచ్చేలా రాష్ట్ర నియమాల్లో ఒక వాక్యం చేర్చాలి.

అందాకా యజమానులు ఆగనక్కర్లేదు. వచ్చే మిషన్‌కు పర్చేజ్ ఆర్డరు రాసేటప్పుడు ఒక షరతు పెట్టండి: ఎమర్జెన్సీ నొక్కాక ఏది ఆగుతుందో, ఏది ఆగదో ఆపరేటరు చదివే భాషలో రాసి, మిషన్ మీద అంటించి, అతనికి చదివి వినిపించాకే ఆఖరి పేమెంట్ ఇస్తామని. ఆఖరి పేమెంట్ ఆగుతుందంటే ఏ సప్లయరైనా మర్నాడే రాసి తెస్తాడు.